ఫ్లాపీలు ఇచ్చినవాళ్లు

కాపీ రిపోర్టులు పట్టుకునే కంప్యూటర్ ప్రోగ్రాం కొనడానికి కాలేజీలో కమిటీ వేసినప్పుడు, అందులో నా పేరు చూసుకుని మురిసిపోయిన మాట నిజం. ఇప్పుడు అబద్ధమాడి నాకు ఒరిగేదేమీ లేదు. నేను లైబ్రేరియన్ని, అదీ టెంపరరీ. ఇంజనీరింగ్ కాలేజీలో లైబ్రేరియన్ అంటే పుస్తకాలు పోకుండా కాపలా కాసే మనిషని అందరి లెక్క. మీటింగులకు పిలవరు, పిలిచినా చివరి కుర్చీ చూపిస్తారు. అలాంటిది ప్రిన్సిపాల్, కంప్యూటర్ హెడ్, ఆ తర్వాత మూడో పేరు నాది. ఆ సర్క్యులర్ ఇంటికి తీసుకెళ్లి మావారికి కూడా చూపించాను.

తొంభైల చివరి మాట. మేము కోస్తా నుంచి వచ్చి లింగంపల్లిలో అద్దెకుంటున్నాం. మావారిది ప్రభుత్వోద్యోగం. నా కాలేజీ హఫీజ్‌పేట్ దాటాక గుట్టల మధ్య ఉండేది. మధ్యాహ్నం పూట ఎక్కడో ఒకచోట బండలు పేల్చేవాళ్లు, లైబ్రరీ అద్దాలు గలగలలాడేవి. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల గుండ్రటి భవనం అప్పుడే తెరిచారు. మా కాలేజీ పిల్లలు బస్సులో అటు వెళ్తే మెడలు తిప్పి మరీ చూసేవాళ్లు.

కమిటీ ఎందుకు వేశారంటే, అంతకు ముందు ఏడాది ఫైనలియర్ వైవాకి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు రెండు ప్రాజెక్టు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూశాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రెండూ ఒకటే. టైపింగ్ తప్పులు కూడా ఒకటే. మా కరస్పాండెంట్ గదిలోనే వాటిని బల్ల మీద పడేసి, "మీ కాలేజీలో జిరాక్స్ మిషన్ బాగా పనిచేస్తున్నట్టుందండీ" అన్నాడు. ఆ ఇద్దరు పిల్లలూ అమీర్‌పేటలో ఒకే దుకాణంలో ప్రాజెక్టు కొనుక్కున్నారు. ఈ సంగతి కాలేజీలో తెలియనిది ఒక్క కరస్పాండెంట్‌కే.

కరస్పాండెంట్ ఒకప్పుడు రోడ్లు వేయించిన కాంట్రాక్టరు. కాలేజీ ఆయన సొంతం. మాట పడటం అలవాటు లేని మనిషి. కమిటీ మొదటి రోజే తేల్చి చెప్పేశాడు.

"మనిషిని పెట్టి చదివిస్తే మల్ల గదే కత. నాకు దొంగల్ని పట్టే మిషన్ కావాలె. ఏ కంపెనీ మంచిదో మీరే చూసి చెప్పుండ్రి."

ప్రిన్సిపాల్‌కి తీరిక లేదు, కంప్యూటర్ హెడ్‌కి ఆసక్తి లేదు. కంపెనీల చుట్టూ తిరగడం నా వంతయింది. తిరగడానికి రెండే దొరికాయి. ఒకటి పంజాగుట్టలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. రెండు గదులు, నలుగురు మనుషులు. వాళ్ల ప్రోగ్రాం రెండు రిపోర్టుల్ని పోల్చి, ఒకేలా ఉన్న చోట్లన్నీ పక్కపక్కన అచ్చువేసి ఇచ్చేది. "ఇక్కడి నుంచి మీరు చదువుకోవాలి మేడమ్, కాపీయో కాదో మా ప్రోగ్రాంకి తెలియదు" అన్నాడు చూపించినాయన. నిజం చెప్పాడు. నాకది లోపంగా కనపడింది.

రెండో కంపెనీ మాదాపూర్ గుండ్రటి భవనంలో. గేటు దగ్గర నా పేరు రాసుకుని చీరకి గుచ్చుకోమని ఒక బిళ్ల ఇచ్చారు. అద్దాల లిఫ్టులో పైకి వెళ్తుంటే కింద పార్కింగ్, అవతల బండలు, దూరంగా మేకలు. చల్లటి గదిలో కూర్చోబెట్టి పింగాణీ కప్పులో టీ ఇచ్చారు. వాళ్ల ఇంజనీరు భీమవరం వైపు కుర్రాడు, మాట వినగానే పసిగట్టాను. వాళ్ల ప్రోగ్రాం పోలికలు చూపించి ఊరుకోదు. చివర ఒక జాబితా ఇస్తుంది. పేరు, పేరు పక్కన ‘కాపీ’ లేక ‘సొంతం’. అంతే.

ఇంటికొచ్చి స్కేలుతో గీతలు కొట్టి పోలిక పట్టిక తయారుచేశాను. ‘తీర్పు ఇస్తుందా?’ అని ఒక గడి పెట్టాను. పంజాగుట్ట కింద ‘లేదు’ అనీ, మాదాపూర్ కింద ‘అవును’ అనీ రాశాను. పట్టిక చూసి కరస్పాండెంట్ "గిట్లుండాలె పనంటే" అన్నాడు. ఆ మాటకి నాకు మూడు రోజులు నిద్రపట్టలేదు, ఆనందంతో.

ఇక్కడ ఇంగ్లిష్ సార్ గురించి చెప్పాలి.

ఆయనది మెదక్ జిల్లా. యాభై దాటాయి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎన్నేళ్లు చేసినా పర్మనెంట్ కాక, మా దగ్గర చేరాడు. ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ సారు కూడా నాలాంటివాడే, చివరి కుర్చీ. ఆయనకి గది లేదు. లైబ్రరీలో పాత పత్రికల బీరువా పక్కన ఒక బల్ల ఉంటే, అదే ఆయన గది. అందువల్ల ఆయన చేసిన పనంతా నా కళ్లముందే జరిగింది.

మా కాలేజీలో సగం మంది తెలుగు మీడియం పిల్లలు. సర్క్యూట్ కట్టమంటే కడతారు, ప్రోగ్రాం రాయమంటే రాస్తారు, దాని గురించి ఇంగ్లిష్‌లో నాలుగు పేజీలు రాయమంటే వాళ్ల తల ప్రాణం తోకకొస్తుంది. రిపోర్టు టైమొచ్చేసరికి వాళ్లంతా సార్ బల్ల చుట్టూ మూగేవాళ్లు. ఆయన ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, "ఏం చేసినవో ముందుగాల తెలుగుల చెప్పు" అనేవాడు. వాళ్లు చెప్పేవాళ్లు. విన్నాక, ఒక పొడుగాటి నోటుబుక్కు తీసి అందులోంచి వాక్యాలు చెప్పేవాడు. మొదలు ఇట్లా పెట్టాలి, ఉద్దేశం చెప్పాలంటే ఇట్లా, తేలిందేమిటో చెప్పాలంటే ఇట్లా. వాళ్లు రాసుకుని, పైకి చదివి, అర్థం మళ్లీ తెలుగులో ఆయనకి అప్పజెప్పాలి. అర్థం చెప్పలేకపోతే ఆ వాక్యం ఇచ్చేవాడు కాదు. ఆయన చదువుకున్నదీ అట్లాగే, సార్లు నోట్సు చెప్తుంటే రాసుకుని. అందులో తప్పేముందో ఆయనకి తోచే అవకాశం లేదు. నాకూ తోచలేదు.

రిపోర్టు చివర కృతజ్ఞతల పేజీకి ఆయన ఇచ్చే వాక్యం ఒకటుండేది. తెలుగులో చెప్పాలంటే: ఇందులో మంచి ఏదైనా ఉంటే అది నాకు నేర్పినవాళ్లది, తప్పులుంటే అవి నావి. దూరవిద్యలో నేను లైబ్రరీ సైన్స్ పీజీ చేసినప్పుడు నా డిసర్టేషన్ దిద్దింది కూడా ఆయనే. నా కృతజ్ఞతల పేజీలోనూ ఆ వాక్యం ఉంది. "అర్థం చెప్పు బిడ్డా" అని నన్నూ అడిగాడు. చెప్పాకే రాయనిచ్చాడు.

ఇంకో అలవాటు కూడా ఆయనే పెట్టాడు. పిల్లలు రిపోర్టు బైండు చేయించి ఇచ్చేటప్పుడు, దాన్ని కంప్యూటర్లో టైపు చేసి ఎక్కించిన ఫ్లాపీ కూడా లైబ్రరీకి ఇవ్వాలి, మీద పేరు రాసి మరీ. "పుస్తకం చెదలు తింటది, గిదైతే ఉంటది. మీ తర్వాతోళ్లు చూసి నేర్చుకుంటరు" అనేవాడు. కాలేజీ రూలు కాదది. సార్ మాట మీద సార్ పిల్లలే ఇచ్చేవాళ్లు. అమీర్‌పేటలో కొనుక్కున్నవాళ్లు బంగారు అక్షరాల బైండు మాత్రం ఇచ్చి పోయేవాళ్లు. ఫ్లాపీ అడిగితే ‘తెస్తాం మేడం’ అనడమే గాని తెచ్చింది లేదు. వాళ్ల దగ్గర ఉంటే కదా. నేను ఆ ఫ్లాపీలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో సర్ది, బీరువాలో పెట్టేదాన్ని.

ట్రయల్ రోజున మాదాపూర్ ఇంజనీరు వచ్చి, "పాత రిపోర్టులూ, ఈ సంవత్సరానివీ కలిపి ఇవ్వండి మేడమ్. ఫ్లాపీలో ఉన్నవే ఇవ్వాలండి, కాగితం మీదవి ఇది చదవలేదు" అన్నాడు. నేను వెళ్లి డబ్బా తెచ్చి ఇచ్చాను. అడిగిందే తడవుగా ఫ్లాపీలు తీసివ్వగల లైబ్రేరియన్ని అని నాకెంత గర్వమో. వాటిలో ఎవరివి ఉన్నాయో, ఎవరివి లేవో నాకు తప్ప ఆ గదిలో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం ఆ క్షణాన తట్టలేదు.

ప్రింటర్ కిర్రుకిర్రుమంటూ కాగితం కక్కడం మొదలుపెట్టింది. ఒకేలా ఉన్న ప్రతి లైను పక్కనా ఒక నక్షత్రం గుర్తు. మొదటి పేజీలన్నీ నక్షత్రాలే, చివరి పేజీలన్నీ నక్షత్రాలే. మధ్యలో సర్క్యూట్ బొమ్మలూ లెక్కలూ ఉండే చోట ఖాళీ. "బొమ్మలు అది చూడదండి" అన్నాడు ఇంజనీరు. ఆఖరున జాబితా వచ్చింది. ఈ ఏడాది పిల్లల పేర్లు పన్నెండు. పన్నెండు పేర్ల పక్కనా ‘కాపీ’.

కరస్పాండెంట్ ముఖం వెలిగిపోయింది. "ఆఁ! దొరికిండ్రు చూడు. ఒక్క గంటల పట్టేసింది. కాగితాలు తయారు చేయుండ్రి, సంతకం పెడత."

నేను కాగితం అంచు పట్టుకుని నక్షత్రాలున్న లైన్లు చదువుతున్నాను. చదువుతుంటే సార్ గొంతు వినపడింది. మొదలు ఇట్లా పెట్టాలి. ఉద్దేశం ఇట్లా. కృతజ్ఞతల పేజీ దగ్గరికొచ్చేసరికి నా వాక్యం, నా డిసర్టేషన్‌లోని వాక్యం, పన్నెండు సార్లు, పన్నెండు నక్షత్రాలతో. అప్పుడు తట్టింది డబ్బా సంగతి.

అప్పుడే నోరు తెరవాలి. ‘అయ్యా, ఇవి ఒకే సార్ దగ్గర నేర్చుకున్న పిల్లలవి. కొనుక్కున్నవాళ్లవి ఇందులో అసలు లేవు’ అంటే అయిపోయేది. అననందుకు ఎన్ని కారణాలు చెప్పుకున్నానో. నన్ను పర్మనెంట్ చేసే ఫైలు కరస్పాండెంట్ బల్ల మీద ఉంది. ఆ మిషన్‌ని మెచ్చి పట్టిక గీసింది నేను. మొదటిసారి ఆ గదిలో నాకు ముందు కుర్చీ వేశారు. నా డిసర్టేషన్ మాటేమిటని ఎవరైనా అడిగితే? అన్నీ కలిపి పిరికితనం, అంతే.

ఒప్పందం కాగితాలు ఆ వారమే వచ్చాయి. మిషన్ వెనక తగిలించే చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటిస్తారు, అది ఉంటేనే ప్రోగ్రాం నడుస్తుంది, పోతే మళ్లీ ఇవ్వరు. అలాంటివి రెండు పేజీలు. నాలుగో షరతు దగ్గర కరస్పాండెంట్ ఆగాడు. ఈ ప్రోగ్రాం పోలికలనే చూపుతుంది, కాపీ అవునా కాదా అన్నది అధ్యాపకులు రిపోర్టు చదివి నిర్ణయించాలి, అని దాని సారాంశం.

"మల్ల మనిషే చదవాల్నంటే మిషన్ ఎందుకయ్యా? గిది తీసెయ్యి."

ఇంజనీరు ఇబ్బంది పడ్డాడు. "అది ఉంటేనే మంచిదండి. మిషన్‌కి ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలియదు కదండీ" అన్నాడు. ఆ కుర్రాడు మాటవరసకి అన్నాడు గాని, నా వంక చూసి అన్నట్టే అనిపించింది. తర్వాత వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఫలితాలకి కంపెనీ పూచీ లేదని ఒక లైను కలిపితే సరేనన్నారు. షరతు కొట్టేసే పని నాకిచ్చారు. నా చేతిలో స్కేలు ఉంది మరి. తిన్నగా, సిరా అంటకుండా, రెండు గీతలు కొట్టాను.

పన్నెండు మంది వైవా ఆపేశారు. వాళ్లలో నలుగురికి మాదాపూర్ కంపెనీల్లో ఉద్యోగాలు వచ్చి ఉన్నాయి. నెలలో పట్టా కాగితం చూపించకపోతే ఆ ఉద్యోగాలు పోతాయి. నోటీసు బోర్డు మీద పేర్లు వేలాడదీశారు, పైన పెద్దక్షరాలతో కాపీ అని రాసి.

సాయంత్రం ఆ నలుగురిలో ఒకమ్మాయి లైబ్రరీకి వచ్చింది. జనగామ దగ్గర ఊరు. వాళ్ల నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. వడ్లలో తేమ ఉందంటూ ధర తగ్గించడం చిన్నప్పటి నుంచి చూసి, ఆ తేమ కొలిచే పరికరం తనే కట్టింది. సోల్డరింగ్ చేస్తూ కాల్చుకున్న మచ్చ చూపుడువేలి మీద ఇంకా నల్లగా ఉంది. నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"మేడం, నేను దొంగనా?"

ఏవో కార్డులు సర్దుతూ, "అట్లా ఏం లేదమ్మా, పెద్దవాళ్లు చూస్తారు" అన్నాను. ఆ అమ్మాయి బీరువా అవతలికి వెళ్లి ఇంగ్లిష్ సార్ ముందు ఏడ్చింది. పేపరు మీద కన్నీళ్లు పడితే సార్ రుమాలు తీసి ఇచ్చాడు.

"జర ఆగు బిడ్డా. పరేషాన్ కాకు. నేనున్న" అన్నాడు.

ఆ పిల్ల వెళ్లాక నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. రోజూ పత్రిక అడగడానికి వచ్చినట్టే వచ్చాడు.

"ఏ ఫ్లాపీలు ఇచ్చినవ్ బిడ్డా వాళ్లకు?"

"ఉన్నవన్నీ ఇచ్చానండి సార్."

"ఉన్నయన్నీ అంటే..." అని ఆగాడు. బీరువా వైపు చూశాడు. "అన్నీ మా పోరగాండ్లయే గద."

నేను తలవంచుకున్నాను. ఇంకొక్క మాట అడిగితే అన్నీ చెప్పేసేదాన్నని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆయన అడగలేదు. ఎవరినీ రెండోసారి అడిగే మనిషి కాదు. పొడుగు నోటుబుక్కు తీసుకుని, చొక్కా సర్దుకుని, మెట్లెక్కి కరస్పాండెంట్ గదికి వెళ్లాడు.

లోపల ఏం జరిగిందో ప్రిన్సిపాల్ తర్వాత చెప్పాడు. సార్ నోటుబుక్కు బల్ల మీద పెట్టి, ఆ నక్షత్రాలన్నీ ఇందులోవే అన్నాడట. కరస్పాండెంట్‌కి అర్థమైంది. కాని మిషన్ తప్పంటే, ఊరంతా చెప్పుకున్న గొప్ప ఏం కావాలి? "అయితే పోరగాండ్లకు కాపీ నేర్పింది నువ్వన్నట్టు. రాసియ్యి మరి" అన్నాడట. సార్ అక్కడే కాగితం అడిగి రాసిచ్చాడు. ఆ కాగితం ఫైల్లో పెట్టడానికి నా చేతికే వచ్చింది. ఇంగ్లిష్‌లో మూడే లైన్లు. ఈ రిపోర్టుల్లో మంచి ఏదైనా ఉంటే అది పిల్లలది. తప్పులుంటే అవి నావి. వాళ్లని వదిలేయండి.

వాళ్లని వదిలేశారు. మొదటి పేజీలు, చివరి పేజీలు చింపి మళ్లీ రాసివ్వమన్నారు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఎలాగో రాసిచ్చి గట్టెక్కారు. వడ్ల తేమ అమ్మాయికి ఉద్యోగం నిలిచింది. సార్‌ని ఆ నెలాఖరుకి వెళ్లిపొమ్మన్నారు. అదే వారంలో నన్ను పర్మనెంట్ చేశారు.

తర్వాతి ఏడాది ఒక్క ఫ్లాపీ రాలేదు. సార్ లేడు, ఇమ్మని చెప్పేవాళ్లు లేరు. పైగా ఇచ్చినవాళ్లకి ఏమైందో అందరూ చూశారు. మిషన్‌కి పోల్చడానికేమీ లేక, ఆ ప్లాస్టిక్ ముక్క కంప్యూటర్ వెనక దుమ్ము పట్టింది. బిస్కెట్ల డబ్బాలో నేను గుండుసూదులు వేసుకున్నాను. బంగారు అక్షరాల బైండ్లు మాత్రం ఏటేటా వస్తూనే ఉండేవి.

సార్ వెళ్లిపోయిన నెల మాట ఒకటి మిగిలింది. కాలేజీ ఉత్తరాలన్నీ ఆయనే రాసిపెట్టేవాడు. ఎవరు వెళ్లిపోతున్నా వాళ్లకిచ్చే రిలీవింగ్ ఉత్తరం కూడా. ఆయనకిచ్చేది మాత్రం ఆయన చేతే రాయించలేరు గనుక నన్ను రాయమన్నారు. నేను శ్రద్ధగా రాశాను. చేసిన ద్రోహానికి మంచి ఇంగ్లిష్‌తో పరిహారం చెల్లిద్దామనుకున్నానేమో. వారు ఈ సంస్థకు ఇచ్చినదాన్ని కొలిచే సాధనం మా వద్ద లేదు, అని ఒక వాక్యం రాశాను. ప్రిన్సిపాల్ చదివి సంతకం పెట్టాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం సార్ బల్ల ఖాళీ చేసుకుని, సంచీ భుజానికి వేసుకుని నా ముందు కూర్చున్నాడు. ఉత్తరం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, పిల్లల రిపోర్టు చదివినట్టే వేలు లైను మీద ఆనించి నెమ్మదిగా చదివాడు. ఆ వాక్యం దగ్గర వేలు ఆగింది. అది ఆయన నోటుబుక్కులోదే. రెండేళ్ల కిందట ముసలి అటెండరు రిటైరైనప్పుడు ఆయన రాస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రాసేటప్పుడు మాత్రం నా సొంతమనే అనుకున్నాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. వెక్కిరింపు లేదు. మంచి మార్కులొచ్చిన పిల్లని చూసినట్టు చూశాడు.

"మంచిగ రాసినవ్ బిడ్డా. ఎక్కడ నేర్చుకున్నవ్?"

మీ దగ్గరే సార్, అనాలి. మూడే ముక్కలు. ఆయన ఆగాడు. నా గొంతులోంచి ఏమైనా వస్తుందేమోనని చూస్తూ, సంచీ పట్టీ సవరించుకుంటూ, కాసేపు నిజంగానే ఆగాడు.

నేను రిజిస్టరు తిప్పి ఆయన ముందుకు జరిపి, "ఇక్కడ సంతకం పెట్టండి సార్" అన్నాను.